గట్టు మీద సైకిలు, గట్టు కింద కౌలు



ఈమధ్య మన డెల్టా ఊళ్ళకు కొత్త రకం పొగడ్తలు వస్తున్నాయి. ఫ్రాన్సు దేశంలో పల్లెల వెంట సైకిలు తొక్కి వచ్చినవాళ్ళు ఫోటోలు చూపించి, "అక్కడ కాలవ గట్టు పట్టుకుని రోజుల తరబడి సైకిలు మీద పోవచ్చు. మన కృష్ణా డెల్టాకు ఏం తక్కువ? కాలవలున్నాయి, కొబ్బరి చెట్లున్నాయి, కనుచూపు మేర పచ్చని పొలాలున్నాయి. గట్ల మీద బాట వేస్తే టూరిస్టులు బారులు తీరతారు" అంటున్నారు. ఆదివారం తెల్లవారుజామున బెజవాడ నుంచి కరకట్ట మీదుగా యనమలకుదురు, తోట్లవల్లూరు వైపు హెల్మెట్లు పెట్టుకున్న కుర్రాళ్ళు ఖరీదైన సైకిళ్ళ మీద పోవడం మనం చూస్తూనే ఉన్నాం.

మాకు వాళ్ళ మీద కోపం లేదు. కారు అద్దాలు బిగించుకుని పోయేవాడి కంటే సైకిలు మీద పోయేవాడే నయం. వాడికి ఎండ తగులుతుంది, మురుగు కాలవ వాసన తెలుస్తుంది, గతుకు నడుముకు తెలుస్తుంది. మా పేచీ వేరే. ఫ్రాన్సు వెళ్ళినవాళ్ళు అక్కడి గట్టు బొమ్మ తెచ్చారు గానీ, ఆ గట్టు కింద పొలాన్ని నిలబెట్టిన చట్టాన్ని తేలేదు, దానికి పెడుతున్న ఖర్చు లెక్క తేలేదు. ఆ రెండూ లేకుండా బాట ఒక్కటే వేస్తామంటే, అది మన పొలాన్ని సినిమా సెట్టింగుగా వాడుకోవడం అవుతుంది.

సైకిలు మనకు కొత్తా?

డెల్టాలో సైకిలు సరదా బండి కాదు, పని బండి. వెనక క్యారేజీ మీద యూరియా బస్తా, హ్యాండిలుకు అన్నం గిన్నె, బారుకు కట్టిన పార. పాల క్యాన్లు, చేపల బుట్టలు, లంకల్లోంచి అరటి గెలలు, కూరగాయల మూటలు అన్నీ దాని మీదే ఊళ్ళోకి వచ్చాయి. వంతు నీళ్ళ కోసం అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని తూము దాకా పోయింది కూడా దాని మీదే. ఇప్పుడు మోటారు సైకిళ్ళు వచ్చాయి గానీ, పెట్రోలు పోసుకోలేని కూలీకి, ముసలి రైతుకు ఇంకా అదే దిక్కు.

సైకిలు అనగానే మన వైపు పెద్దవాళ్ళు పుచ్చలపల్లి సుందరయ్య గారిని తలుచుకుంటారు. గన్నవరం నియోజకవర్గం నుంచి 1955లో, 1962లో, మళ్ళీ 1978లో శాసనసభకు గెలిచిన మనిషి. అంతకుముందు రాజ్యసభ సభ్యుడిగా ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళిన సంగతి అందరూ చెబుతారు. అదే మనిషి 1974లో గుంటూరు జిల్లా అనంతవరంలో సర్వే చేయించి, భూమి ఎవరిది, దున్నేది ఎవరు, కౌలు ఎంత, కూలి ఎంత అని లెక్క రాసిన సంగతి మాత్రం తక్కువమంది చెబుతారు. ముప్పై ఏళ్ళ తర్వాత, 2005-06లో, పరిశోధకులు మళ్ళీ అదే ఊరు వెళ్ళి లెక్క తీశారు. ఆ ఊళ్ళో కౌలు సాగు ఎంత పెద్దదో ఆ లెక్కల్లోనూ బయటపడింది.

ఊరు చూడడం అంటే అది. సైకిలు మీద వెళ్ళావా, కారు మీద వెళ్ళావా అన్నది రెండో మాట. దిగి అడిగావా లేదా అన్నదే మొదటి మాట.

వాళ్ళ కాలవ, మన కాలవ

ఫ్రాన్సు పేరు ఎత్తారు కాబట్టి ఆ కాలవ సంగతే చూద్దాం. దక్షిణ ఫ్రాన్సులో కనాల్ ద్యు మిదీ అని ఒక కాలవ ఉంది. పియేర్ పాల్ రికే అనే ఆయన 1666లో మొదలుపెట్టించాడు, 1681లో తెరిచారు. తులూజ్ నగరం నుంచి మధ్యధరా సముద్రం దాకా సుమారు 240 కిలోమీటర్లు. గుర్రాలు పడవలను లాగడానికి గట్టు మీద బాట ఉండేది. సరుకు పడవలు ఆగిపోయాక ఆ బాట మీదే ఇప్పుడు సైకిళ్ళు తిరుగుతున్నాయి. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో పెట్టింది. గట్టు పొడవునా ఉన్న ప్లేన్ చెట్లకు తెగులు పట్టి వేల చెట్లు కొట్టేయాల్సి వస్తే, వాటి చోట వేరే చెట్లు నాటుకుంటూ వస్తున్నారు.

మన కాలవలు దానికి తీసిపోయినవి కావు. కాటన్ దొర పథకం మీద, కెప్టెన్ ఓర్ చేతుల మీదుగా 1852-55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. ఏలూరు కాలవ పట్టుకుని పోతే గోదావరి నీళ్ళు కలిసేవి. బందరు కాలవలో సరుకు బందరుకు పోయేది. కొమ్మమూరు కాలవలో పెదగంజాం దాకా పోయి, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలవలో మద్రాసు చేరేవారు. గుర్రాలు లేవు, పడవకు తాడు కట్టి మనుషులే గట్టు మీద నడిచి లాగారు. ఆ గట్టు మీద తొలి బాట వేసింది కూలివాడి కాళ్ళు. పాత ఆనకట్ట 1952లో తెగితే, 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ పూర్తయింది. దాని కింద ఇప్పటికీ సుమారు 13 లక్షల ఎకరాలు బతుకుతున్నాయి.

కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలవలన్నిటినీ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గం అన్నారు. పడవలు తిరుగుతాయన్నారు. ఇవాళ మన కాలవల్లో తిరుగుతున్నది గుర్రపుడెక్క. లాకుల తలుపులు తుప్పు పట్టాయి. తూములకు షట్టర్లు లేక గోనె సంచుల్లో మట్టి నింపి అడ్డం వేస్తున్నాం. డ్రెయిన్లు పూడిపోయి, ఒక్క పెద్ద వాన పడితే చేలోంచి నీళ్ళు బయటికి పోవడానికి రోజులు పడుతోంది. పై ఊళ్ళలో ఊడ్పులు అయిపోయినా కృత్తివెన్ను, నాగాయలంక, కోడూరు వైపు శివారు భూముల్లో నారుమడికి నీళ్ళ కోసం ఎదురుచూపులే. గట్టు అందంగా లేదని మనం ఏనాడూ ఏడవలేదు. గట్టు నిలబడడం లేదని ఏడుస్తున్నాం.

ఆ పచ్చదనానికి డబ్బు ఎవరిది?

ఫ్రాన్సు పల్లె అంత తీర్చిదిద్దినట్టు ఎందుకు ఉంది? అక్కడి మట్టి బంగారమని కాదు. రెండు కారణాలు చూడండి.

ఒకటి, ప్రభుత్వ సొమ్ము. ఐరోపా యూనియన్ ఉమ్మడి వ్యవసాయ విధానం కింద ఫ్రాన్సు రైతులకు ఏటా సుమారు 900 కోట్ల యూరోలు వస్తాయి. ఐరోపాలో అందరికంటే ఎక్కువ తీసుకునేది ఆ దేశమే. పొలం గట్ల మీద చెట్లు ఉంచినందుకు, కొండ ఊళ్ళలో సాగు మానకుండా ఉన్నందుకు కూడా సాయం ఉంది. అంటే సైకిలు మీద పోయేవాడు చూసే ఆ పచ్చదనానికి జనం పన్నుల్లోంచి డబ్బు కట్టారు.

రెండు, కౌలు చట్టం. అక్కడ సాగు భూమిలో సగానికి పైగా కౌలు మీదే నడుస్తోంది. అచ్చం మన డెల్టా లాగే. అయితే రెండో ప్రపంచ యుద్ధం అయిన వెంటనే, 1945, 46లలో, వాళ్ళు గట్టి కౌలు చట్టం చేసుకున్నారు. కౌలు కనీసం తొమ్మిదేళ్ళు. గడువు తీరితే మళ్ళీ పొందే హక్కు రైతుకే. యజమాని కాదనాలంటే చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. కౌలు రేటు ఇంత నుంచి ఇంత దాకా అని జిల్లా అధికారి నిర్ణయిస్తాడు. యజమాని ఆ పొలం అమ్మితే, కొనే అవకాశం ముందు సాగు చేసేవాడికి ఇవ్వాలి. తొమ్మిదేళ్ళ నమ్మకం ఉన్నవాడు గట్టు మీద చెట్టు నాటుతాడు, మురుగు పోయే దారి తవ్వుకుంటాడు, నేలకు పశువుల ఎరువు తోలుతాడు. వచ్చే ఏడు ఈ చేను మనదో కాదో తెలియనివాడు ఎందుకు నాటుతాడు?

అక్కడి రైతు కూడా రోడ్డెక్కాడు

అలాగని ఫ్రాన్సు రైతుకు కష్టాల్లేవని మేం చెప్పడం లేదు. అక్కడి సైకిలు పందెం టూర్ ద ఫ్రాన్స్ 1903 నుంచి నడుస్తోంది. పందెం తమ ఊరి మీదుగా వచ్చినప్పుడు రైతులు పొలాల్లో గడ్డి కట్టలతో, ట్రాక్టర్లతో పెద్ద పెద్ద సైకిలు బొమ్మలు వేస్తారు, హెలికాప్టరు కెమెరాలో లోకమంతా చూస్తుందని. అదే గడ్డి కట్టలను 2018 జూలై 24న రోడ్డుకు అడ్డం వేశారు. ఇందాక చెప్పిన కాలవ పక్కనే ఉన్న కర్కసోన్ ఊరి నుంచి పందెం బయలుదేరిన రోజు అది. తమ ప్రాంతానికి వచ్చే సాయం కోసేస్తున్నారని రైతులు అడ్డుకుంటే, పోలీసులు బాష్పవాయువు కొట్టారు. అది పందెగాళ్ళ కళ్ళలో పడి పావుగంట పందెం ఆగిపోయింది.

2023 నవంబరులో అక్కడి రైతులు ఊరి పేర్ల బోర్డులు ఊడదీసి తలకిందులుగా బిగించారు. 'ఈ విధానాలతో మేం తల మీద నడుస్తున్నాం' అని చెప్పడానికి. 2024 జనవరికి ట్రాక్టర్లు పారిస్ చుట్టూ రోడ్ల మీదికి వచ్చాయి. 2010లో సుమారు 4 లక్షల 90 వేలున్న వ్యవసాయ కమతాలు 2020 నాటికి 3 లక్షల 90 వేలకు పడిపోయాయి. సాయం సొమ్ములో పెద్ద భాగం పెద్ద కమతాలకే పోతోందని వాళ్ళే గొడవ పెడుతున్నారు.

ఇంకొక సంగతి. 2025 జూలైలో ఆ పందెం దారిలో ఒక కొండ మీద పశువులకు లంపీ చర్మ వ్యాధి వచ్చి మందను చంపేయాల్సి వచ్చింది. మన దేశంలో 2022లో వేల పశువులను తిన్న రోగమే అది. రైతులు పుట్టెడు దుఃఖంలో ఉన్నారని చెప్పి, నిర్వాహకులు ఆ కొండను వదిలేసి, 130 కిలోమీటర్ల దారిని 95కు కుదించారు. లోకమంతా చూసే పందెం కూడా ఒక పశువుల కొట్టం కోసం దారి మార్చుకుంది. ఫ్రాన్సు నుంచి నేర్చుకోవాలంటే ఇది నేర్చుకోవాలి. సైకిలు కోసం రైతు తప్పుకోవడం కాదు, రైతు కోసం సైకిలు తప్పుకోవడం.

ఇక్కడి కాగితం పదకొండు నెలలు

ఇప్పుడు మన గట్టు కిందికి రండి. పచ్చని చేను చూసి సైకిలు ఆపిన కుర్రాడు, "బాబాయ్ గారూ, ఈ చేను మీదేనా?" అని అడిగితే మన ఊళ్ళలో వచ్చే జవాబు ఒక్కటే: "చేను వాళ్ళది బాబూ, అప్పు మాది."

1956లోనే ఆంధ్ర ప్రాంతానికి కౌలు చట్టం వచ్చింది. 1974 సవరణతో ఆరేళ్ళ గడువు అన్నారు, కౌలు రేటుకు హద్దు అన్నారు. డెల్టాలో మాత్రం నోటి మాట కౌలే రాజ్యం ఏలింది. 2011లో సాగుదారు గుర్తింపు చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులిచ్చారు. కార్డు చూపిస్తే బ్యాంకులో, "ఆ సర్వే నంబరు మీద యజమాని ఇప్పటికే లోను తీసుకున్నాడు" అనే మాట ఎదురయ్యేది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. దాని కింద ఒప్పందం పదకొండు నెలలు. దానికి యజమాని సంతకం కావాలి. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న యజమాని సంతకం పెట్టడు. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకరికి పోతుంది.

సంతకం లేకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నేలకొరిగింది, కోసిన పనలు నీళ్ళలో మొలకెత్తాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చింది. లంకల్లో పసుపు, అరటి, కంద రోజుల తరబడి నీళ్ళలో నానాయి. పెట్టుబడి పెట్టింది కౌలు రైతు, వడ్డీ కట్టేది కౌలు రైతు. పరిహారం జాబితాలో పేరు ఉండాలంటే ఈ-క్రాప్‌లో పేరు ఉండాలి, అక్కడ పేరు ఎక్కాలంటే కాగితం కావాలి. కేంద్రం ఏటా ఇచ్చే పీఎం కిసాన్ 6,000 రూపాయలు కూడా పట్టా ఉన్నవాడికే. పండినా మునిగినా యజమాని బస్తాలు యజమానికి కొలవాల్సిందే.

మన సంఘంలో ఎకరం, రెండెకరాలు కౌలుకిచ్చిన చిన్న రైతులూ ఉన్నారు. భర్త పోయి, కౌలు గింజల మీద బతికే అక్కలున్నారు. సంతకం పెడితే భూమి పోతుందేమో అన్న వాళ్ళ భయాన్ని మేం కొట్టిపారేయం. ఫ్రాన్సులో తొమ్మిదేళ్ళ కౌలు ఇచ్చినా పట్టా యజమానిదే, కౌలు డబ్బు యజమానికే. హక్కు అంటే భూమి లాక్కోవడం కాదు. సాగు చేసేవాడు ఫలానా అని ప్రభుత్వం పుస్తకంలో రాసుకోవడం. ఆ మాట ప్రతి ఊళ్ళో ఈ చిన్న యజమానుల దగ్గర కూర్చుని మనమే చెప్పాలి.

"టూరిజం వస్తే లాభం మీకే కదా?"

ఈ మాట అడిగేవాళ్ళకు మా జవాబు: ఎవరికి లాభం? కరకట్ట పక్కన రిసార్టు కట్టేది కౌలు రైతా? ఎకరం రేటు పెరిగితే సంతోషించేది అమ్ముకునేవాడు. దున్నుకునేవాడికి చేను పోతుంది. వరి చేను లేఅవుటుగా మారాక టూరిస్టుకు చూపించడానికి పచ్చదనం ఎక్కడ మిగులుతుంది?

ఇంకొక భయం ఉంది. మన కాలవ గట్ల మీద గజం జాగా లేని పేదలు తరాలుగా గుడిసెలు వేసుకుని ఉన్నారు. మన చేలల్లో ఊడ్పులు ఊడ్చేది, కలుపు తీసేది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. గట్టుకు అందం తేవాలంటే మొదట కంటికి అడ్డొచ్చేది ఆ గుడిసెలు. పటంలో ఆకుపచ్చ గీత గీసేవాడికి అవి ఇళ్ళుగా కనబడవు, ఆక్రమణలుగా కనబడతాయి.

కొబ్బరి బోండాలు అమ్ముకునేవాడికి నాలుగు రూపాయలు వస్తే మాకు సంతోషమే. కూచిపూడి చూడడానికి, పెడన కలంకారీ చూడడానికి, హంసలదీవి చూడడానికి జనం రావాలి, చూడాలి. దానికి మేం అడ్డం కాదు. అడ్డం కాకుండా ఉండడానికి మా షరతులు ఇవి.

గట్టు మీద ఏ బాట వేసినా ముందు ఆ కాలవలో పూడిక తీయాలి, లాకులు, తూములు బాగుచేయాలి. బాట మీద ట్రాక్టరు, ఎడ్లబండి, వరికోత మిషను పోవాలి. గేటు పెట్టి రైతును ఆపితే ఒప్పుకోం. గట్టు మీద ఉంటున్న కుటుంబానికి అదే ఊళ్ళో స్థలం ఇచ్చి, ఇల్లు లేచాకే గుడిసె మీద చెయ్యి వేయాలి. గ్రామసభ తీర్మానం లేకుండా పని మొదలుపెట్టకూడదు, వచ్చే ఆదాయంలో పంచాయతీకి వాటా ఉండాలి. అన్నిటికంటే ముందు, యజమాని సంతకంతో పనిలేకుండా గ్రామసభలోనే సాగుదారును గుర్తించాలి. ఆ గుర్తింపు పదకొండు నెలలకు కాదు, పెట్టిన పెట్టుబడి తిరిగి వచ్చేటన్ని ఏళ్ళకు ఉండాలి.

మన సైకిళ్ళు మనమే బయటికి తీద్దాం

వేసవిలో కాలవలు కట్టేస్తారు. అడుగు కనబడే కాలం అదే, ఏది పూడిందో ఏది కూలిందో దాచలేని కాలం అదే. ప్రతి మండల కమిటీ ఒక్కొక్క కాలవ ఎంచుకోవాలి. నాలుగైదు సైకిళ్ళు, ఒక నోటు పుస్తకం చాలు. తల తూము దగ్గర బయలుదేరి శివారు చేను దాకా పోవాలి. కుర్రాళ్ళను, ఆడపిల్లలను తీసుకెళ్ళండి. ఆదివారం సైకిళ్ళ మీద వచ్చే పట్నం కుర్రాళ్ళను కూడా పిలవండి. వాళ్ళ దగ్గర మంచి కెమెరాలున్నాయి, కాళ్ళలో సత్తువ ఉంది. మన దగ్గర అడగాల్సిన ప్రశ్నలున్నాయి.

ప్రతి ఊళ్ళో ఆగి రాయండి: ఈ తూముకు షట్టరు ఉందా? నీళ్ళు కిందటేడు ఏ తేదీకి వచ్చాయి? చివరి చేనుకు అందాయా? డ్రెయిను ఎన్నాళ్ళయింది తవ్వి? ఈ పొలం సాగు చేస్తున్నది ఎవరు, కౌలు ఎన్ని బస్తాలు, కాగితం ఉందా? గట్టు మీద ఎన్ని కుటుంబాలు, ఎన్నేళ్ళుగా? వరి కోతకు ముందు చల్లిన మినుము దక్కిందా, ఎంతకు అమ్మారు?

ఆ పుస్తకాలన్నీ బెజవాడలో మన సంఘం ఆఫీసుకు పంపండి. కాలవకు ఒక పుస్తకం చొప్పున కలెక్టరేటుకు, నీటిపారుదల శాఖకు తీసుకెళ్ళి బల్ల మీద పెడదాం. సైకిలు బాట పటం పట్టుకొచ్చిన అధికారి ముందు మన పటం కూడా పరుద్దాం. అందులో ప్రతి తూము, ప్రతి గుడిసె, ప్రతి కౌలు రైతు ఉండాలి. ఆ తర్వాత బాట సంగతి మాట్లాడదాం.